తాబేలు మేసినంత సేపు

మా బాపు సూరత్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు సాంచెలు నడిపాడు. సాంచెలంటే మావాళ్ళ మాటలో పవర్‌లూమ్‌లు. ఉధ్నాలో ఒక పెద్ద రేకుల షెడ్డు, అందులో నలభైకి పైగా సాంచెలు, రోజుకు పన్నెండు గంటల పని. గుమ్మంలో నిలబడితే చాలు, ఆ మోత అరికాళ్ళ నుంచి పైకెక్కేది. చిన్నప్పుడు అన్నం డబ్బా పట్టుకుపోయిన రోజున, డబ్బా కింద పెట్టలేక చెవులు మూసుకోలేక అక్కడే నిలబడిపోయేదాన్ని. లోపల ఎవరూ నోరు తెరిచి అరుచుకునేవాళ్ళు కాదు, అరిచినా లాభం లేదు కనుక. ఒకరి పెదవులు ఒకరు చూసి అర్థం చేసుకునేవాళ్ళు, లేదంటే సైగలు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. లేని మీసం మెలేస్తే మేస్త్రీ వస్తున్నాడని. అరచెయ్యి చాచి నేలవైపు నొక్కితే, ఆగు, కదలకు అని.

అరవై దాటేసరికి ఆయన చెవులు దాదాపు పోయాయి. పని మానేసి డిండోలిలోని మా ఇంట్లో కూర్చున్నాకే ఎంత పోయాయో మాకు తెలిసింది. డాక్టరు చెప్పిన చెవి మిషన్ కొనిపెట్టాను. నాలుగు రోజులు పెట్టుకుని తీసేశాడు.

"గిన్నెల సప్పుడు, బండ్ల హారన్లు తప్ప మనిషి మాట ఇనవడ్తలేదు బిడ్డా" అన్నాడు.

తర్వాత మెల్లగా ఆయన మాటే తగ్గిపోయింది. చుట్టాలు వస్తే మధ్యలో కూర్చుని, వాళ్ళు నవ్విన తర్వాత ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వేవాడు. కొన్నాళ్ళకు అదీ మానేసి లోపలి గదిలోకి వెళ్ళిపోయేవాడు. అమ్మ దాన్ని పొగరు అనుకుంది. నేను ముసలితనపు అలక అనుకున్నాను. నేనొక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తాను, పెళ్ళి చేసుకోలేదు, ఇంట్లో ఉన్నది ముగ్గురమే. ముగ్గురిలో ఒకరు మాట్లాడకపోతే మిగతా ఇద్దరూ ఒకరి మీద ఒకరు విసుక్కోవడం మొదలుపెడతారు. మా ఇంట్లో అదే జరిగింది.

ఆ రోజుల్లో బాపుకు ఫోనే తోడు. టీవీ సీరియళ్ళు ఆయనకు పనికిరాలేదు. ఫోన్లో చేపల వీడియోలు చూసేవాడు, సౌండ్ పూర్తిగా తీసేసి. గంటలు గంటలు. రంగు రంగుల చేపలు పగడపు దిబ్బల్లో దూరడం, బయటికి రావడం. వాటి పేర్లు ఆయనకు తెలియవు. చీరలు నేసిన మనిషి కదా, గళ్ళ చేప, అంచు చేప, జరీ చేప అని తనే పేర్లు పెట్టుకున్నాడు.

ఒక ఆదివారం ఆయన్ను డుమస్ సముద్రానికి తీసుకెళ్ళాను. అక్కడ ఇసుక నల్లగా ఉంటుంది, నీళ్ళు బురద రంగులో. చీలమండ లోతు నీళ్ళలో నిలబడితే సొంత పాదాలే కనిపించవు. బాపు నీళ్ళ వైపు కాసేపు చూసి, ఫోను తీసి నాకు చూపించాడు. అందులో అడుగు దాకా కనిపించే నీలం నీళ్ళు.

"ఇసొంటి నీళ్ళు నిజంగ ఉంటయా, లేకపోతే కంప్యూటర్‌ల జేస్తరా?" అని అడిగాడు.

చాలా నెలల తర్వాత ఆయన తనంతట తాను నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. ఆ ఏడు నాకు ఎల్‌టీసీ ఉంది, ఇంటివాళ్ళతో తిరిగి రావడానికి ఆఫీసు ఇచ్చే దారి ఖర్చు. ఆఫీసులో అందరూ అండమాన్ పోయివస్తున్నారు. తల్లిదండ్రులను తీసుకుపోవచ్చు. సోమవారం పొద్దున్నే సెలవు కాగితం పెట్టేశాను.

అమ్మ మూడు రోజులు పోట్లాడింది. "ఇనవడని ముసలోన్ని తీస్కపోయి సముద్రంల ఇడుస్తవా? ఏమన్నయితే ఎవరు జవాబు?" అంది. తెలంగాణలో మా ఊళ్ళో ఉన్నప్పుడు బాపు బావుల్లో దూకి ఈత కొట్టేవాడని నాకు చెప్పింది ఆవిడే. అదే మాట గుర్తు చేస్తే, "అది యాభై ఏండ్ల కిందట. గప్పుడు ఆయనకు చెవులుండె, నాకు జడ ఉండె" అంది. చివరికి మమ్మల్నిద్దరినీ ఒంటరిగా పంపడం ఇంకా ప్రమాదమని తనే సంచీ సర్దుకుంది. సగం సంచీ నిండా సకినాలూ, పులిహోర పొడీ.

రైల్లో చెన్నై, అక్కడి నుంచి విమానంలో పోర్ట్ బ్లెయిర్, మర్నాడు పెద్ద పడవలో నీల్ దీవి. పడవ రేవుకు చేరుతుంటే బాపు కటకటాలు పట్టుకుని కిందికి వంగి చూశాడు. రేవు స్తంభాల చుట్టూ నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగున ఉన్న రాళ్ళు లెక్కపెట్టవచ్చు. స్తంభం నీడలో సన్నటి చేపలు గుంపుగా నిలబడి ఉన్నాయి. ఆయన అమ్మ భుజం తట్టి, "ఉన్నయి. నిజంగనే ఉన్నయి" అన్నాడు. అమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది, పడవ ఊపుకు కడుపులో తిప్పుతోందని.

ముఖం నీళ్ళలో పెట్టి తేలుతూ అడుగు చూసే స్నార్కెలింగ్‌కు మమ్మల్ని తీసుకెళ్ళిన మనిషి తెలుగువాడని ముందు తెలియదు. నేను హిందీలో మాట్లాడుతుంటే, అమ్మ నాతో అన్న మాట విని ఆయన నవ్వాడు. యాభై ఏళ్ళు ఉంటాయేమో. ఎండకు, ఉప్పుకు చేతులు చెక్కలా అయిపోయాయి.

"మాదీ తెలుగేనండి. మా తాతలప్పుడే శీకాకులం నుండి ఇటొచ్చీసినారు. మీరెక్కడోలు?"

"సూరత్."

"అక్కడా మనోలున్నారేటి!" అని ఆశ్చర్యపోయాడు. అప్పటి నుంచి అమ్మకు కొంచెం ధైర్యం వచ్చింది. బాపుకు చెవులు వినపడవని ముందే చెప్పాను. పిలిస్తే పలకరు, విజిల్ వేసినా తెలియదు అని. ఆయన తేలిగ్గా తీసుకున్నాడు.

"నీటి కింద అందరూ సెవిటోలే సెల్లెమ్మా. అక్కడ నోటితో పనేటి?"

ఒడ్డు నుంచి చిన్న ఇంజను పడవలో కొంత దూరం తీసుకుపోయి, పగడపు దిబ్బల అంచున లంగరు వేశాడు. మాకు నారింజ రంగు లైఫ్ జాకెట్లు తొడిగాడు. అద్దాల మాస్కు పెట్టాడు. గొట్టం నోట్లో ఎలా పట్టుకోవాలో, ముక్కుతో కాక నోటితో ఎలా ఊపిరి తీసుకోవాలో చూపించాడు. సైగలు నేర్పాడు. బాగున్నానంటే ఇలా, పైకి తీసుకుపో అంటే ఇలా. ఆగమనడానికి అరచెయ్యి చాచాడు. అది చూసి బాపు గొట్టం తీసేసి పెద్దగా నవ్వాడు.

"మా కార్ఖానాల గూడ గిదే!" అని, కత్తెర వేళ్ళు ఆడించి, మీసం మెలేసి చూపించాడు. ఆ మేస్త్రీ సైగ పడవాయనకు ఎంత నచ్చిందంటే, తనూ రెండుసార్లు చేసి చూశాడు. బాపు కొత్త మనిషితో అలా కలిసిపోవడం చూసి ఎన్నాళ్ళయిందో.

అమ్మ పడవలోనే ఉంటానంది. మేమిద్దరం నీళ్ళలోకి దిగాం. గాలి నింపిన రబ్బరు రింగు ఒకటి, దానికి తాడు. ఆ రింగు మేం పట్టుకుంటే పడవాయన తాడుతో లాక్కుపోతాడు. బాపు ముఖం నీళ్ళలో పెట్టి ఇక ఎత్తలేదు. నేను పెట్టాను, కింద ఏదో నీలంగా కదిలింది, అంతలో ఆ లోతు నా కళ్ళకు ఒక్కసారిగా తెలిసింది. మేడ మీద నుంచి కిందికి చూసినట్టయింది. ఊపిరి ముక్కుతో లాగేశాను. మాస్కులోకి నీళ్ళు వచ్చాయి, గొట్టంలోంచి ఉప్పు నీళ్ళు గొంతులో పడ్డాయి. రింగు వదిలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాను. జాకెట్ ఉంది, మునగను, అది నాకూ తెలుసు. తెలిసినా ఆ క్షణాన పనికిరాలేదు.

పడవాయన వెనక నుంచి నన్ను పట్టుకున్నాడు. రింగు పట్టుకుని అక్కడే ఉండమని బాపుకు సైగ చేశాడు. బాపు సరేనని తల ఊపడం నేను చూశాను. నన్ను పడవ దాకా ఈడ్చుకెళ్ళి, నిచ్చెన ఎక్కించడానికి కాస్త సమయం పట్టింది. పైన అమ్మ నా చెయ్యి పట్టి లాగింది. నేను పడవ అంచున పడి దగ్గుతూ, కక్కుతూ ఉన్నాను. అమ్మ వీపు రాస్తోంది. ఎంత సేపు అయిందో చెప్పలేను. రెండు నిమిషాలు కావచ్చు, ఐదు కావచ్చు.

తల ఎత్తేసరికి రింగు ఒక్కటే నీళ్ళ మీద ఊగుతోంది.

పడవాయన నీళ్ళలో నుంచే అటూ ఇటూ తిరిగి చూశాడు. తర్వాత ఒక్క ఊపున పడవలోకి ఎక్కి నిలబడ్డాడు. మెడలోని విజిల్ నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. ఊదాక నా ముఖం చూసి, విజిల్ వదిలేశాడు.

"మా ఆయనేడి?" అంది అమ్మ. "బిడ్డా, మీ బాపేడి?"

చుట్టూ వేరే పడవలు నాలుగైదు ఉన్నాయి. అన్నింటి చుట్టూ నారింజ జాకెట్లే. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు చెదురుతున్నాయి. ఎవరు ఎవరో తెలియడం లేదు. నేను "బాపూ" అని అరిచాను. వినపడదని తెలిసీ అరిచాను. రెండోసారి ఇంకా గట్టిగా అరిచాను. పక్క పడవలో గుజరాతీ కుటుంబం ఒకటి మా వైపు తిరిగి చూసింది. "శుం థయుం?" అని ఒకావిడ అడిగింది. ఏమైందో చెబుదామంటే ఆ భాషలో ఒక్క మాట నోటికి రాలేదు, సూరత్‌లో పుట్టి పెరిగినదాన్ని.

పడవాయన లంగరు ఎత్తాడు. "కంగారు పడకండి. జాకెట్టుంది. ములగరు. నీరు అటేపు లాగుతాంది, అటే ఎల్లుంటారు" అన్నాడు. మాట ధీమాగానే ఉంది కానీ ఆయన చేతులు ఇంజను తాడును మూడుసార్లు లాగితే గాని అది పట్టుకోలేదు.

దూరంగా నారింజ రంగు ఒకటి ఒంటరిగా కనిపించింది. "అగో, అగో!" అని అమ్మ లేచి నిలబడింది. పడవ ఊగింది. దగ్గరికి పోతే అది చేపల వలకు కట్టిన బెండు. అమ్మ కూలబడిపోయింది. చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఆ నిమిషంలో వచ్చిన ఆలోచనలన్నీ రాయలేను. ఒకటి మాత్రం చెబుతాను. ఆయన నాలుగేళ్ళుగా మాతో మాట్లాడటం లేదని నేను లోలోపల కోపం పెట్టుకున్నాను. వారం కిందట కూడా, "నీతోటి మాట్లాడుడు, గోడతోటి మాట్లాడుడు ఒకటే" అని ఆయన ముఖం మీదే అన్నాను. పెదవులు చదవడం వచ్చిన మనిషి ముందు.

పడవల గుంపు దాటి ఒడ్డువైపు తిరిగాం. అక్కడ నీళ్ళు తక్కువ లోతు, అడుగున ఇసుకలో గడ్డి మొలిచి ముదురు పచ్చగా ఉంది. ఆ పచ్చటి మడి మీద ఒక నారింజ జాకెట్. ముఖం నీళ్ళలోకి. చేతులు రెండూ పక్కలకు వాలి ఉన్నాయి. కదలిక లేదు.

అమ్మ చూసింది. చూసి, ముఖం నావైపు తిప్పేసింది.

పడవాయన ఇంజను ఆపేశాడు. చెయ్యి నొసట పెట్టుకుని ఒక్క నిమిషం అలా చూశాడు. "సెల్లెమ్మా, గొట్టం సూడు" అన్నాడు. "గొట్టం సూడు, సుక్కలెగురుతున్నాయి. ఊపిరి తీస్తన్నారు."

చూశాను. గొట్టం చివర నుంచి సన్నటి తుంపర ఎగిరింది. ఆగింది. మళ్ళీ ఎగిరింది. ఎంత నిదానంగా! నిద్రపోయే పసివాడి ఊపిరిలా. అది చూశాక పడవ అడుగున కూర్చుండిపోయాను. అమ్మను పట్టుకుని ఇటు తిప్పి చూపించాను. ఆవిడకు గొట్టం సంగతి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థం కాగానే తిట్టడం మొదలుపెట్టింది.

పడవాయన చప్పుడు చేయకుండా నీళ్ళలోకి జారి, ఈదుకుంటూ వెళ్ళి బాపు భుజం ముట్టుకున్నాడు. బాపు తల ఎత్తలేదు. కుడిచెయ్యి మాత్రం నీళ్ళలోంచి పైకి తీసి, అరచెయ్యి చాచి నేలవైపు నొక్కాడు. ఆగు, కదలకు. తర్వాత వేలు కిందికి చూపించాడు. పడవాయన ముఖం నీళ్ళలో పెట్టాడు. ఆయనా అలాగే ఉండిపోయాడు. నీళ్ళ మీద రెండు వీపులు, మేమిద్దరం పడవలో.

చివరికి బాపు తల ఎత్తాడు. గొట్టం తీసి, అద్దాలు నొసటికి నెట్టి, మా వైపు చూసి గొంతు తగ్గించి అన్నాడు.

"లొల్లి చెయ్యకుండ్రి. మేస్తున్నది."

అమ్మ చేతిలో ఉన్న తడి తువ్వాలు ఆయన మీదికి విసిరింది. అది ఆయన దాకా పోనేలేదు.

అది తాబేలు. పడవ అంచు నుంచి వంగి చూస్తే మాకూ కనిపించింది. పెద్ద పళ్ళెమంత వీపు, దాని మీద ఎండ గళ్ళు గళ్ళుగా కదులుతోంది. గడ్డిని కొరికి, నమిలి, ఒక్కో అడుగే ముందుకు జరుగుతోంది. మా అరుపులూ, విజిలూ, ఇంజనూ దానికి పట్టలేదు. అమ్మ తిట్టడం మధ్యలో ఆపి చూసింది. "పాపం, ఆకలిగున్నట్టుంది" అంది. మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది.

బాపును పడవ ఎక్కించాక నేను ఏడ్చాను. అరిచాను కూడా. ఆయన నా పెదవులే చూస్తూ కూర్చున్నాడు, ఒక్క మాట పోనివ్వకుండా. అమ్మ సంచీలోంచి అరటిపండు తీసి తొక్క ఒలిచి ఆయన చేతిలో పెట్టింది.

"రింగు పట్టుకొమ్మని చెప్తే ఎందుకిడిసినవ్ బాపూ?"

"నువ్వు నీళ్ళల్ల ఉన్నప్పుడు ఇడిసిన్నా?" అన్నాడు. "నువ్వు పడవెక్కినవని చూసిన. మీ అమ్మ నీ చెయ్యి పట్టింది. నా పానం నిమ్మలమయింది. గప్పుడే అది నా మొకం పక్కకెళ్ళి పైకొచ్చింది బిడ్డా. గింత దగ్గర. ముక్కు బయటవెట్టి ఊపిరి తీసుకున్నది. నన్ను జూసింది. మళ్ళ కిందికి వోయింది. నేను దాని ఎనక వోయిన. గంతే."

"పిలిస్తే ఇనవడకపాయె. మేం సచ్చిపోయినం ఈడ" అంది అమ్మ.

ఆయన పండు సగం తిని ఆగాడు. ఒడ్డు వైపు చూస్తూ చెప్పాడు. అందుకే ఆ మాట నేను మొదట సరిగా పట్టించుకోలేదు.

"లోపల సాంచెలు బందయినయి."

"ఏ సాంచెలు?"

చెవి మీద వేలు పెట్టి చూపించాడు. పని మానేసినా ఆయన చెవుల్లో సాంచెలు ఆగలేదట. పగలూ రాత్రీ నడుస్తూనే ఉన్నాయట. బయటి మాట వినపడదు, లోపలి మోత ఆగదు. మాకు ఆయన నిశ్శబ్దంలో ఉన్నాడని అనిపించేది. ఆయనకు నిశ్శబ్దం అన్నదే లేదు. నలుగురిలో కూర్చుంటే పెదవులు చదవాలి, లోపలి మోతను తట్టుకోవాలి, రెండూ కలిసి తల పగిలిపోయేదట. అందుకే లేచి లోపలి గదిలోకి పోయేవాడు.

"నీళ్ళల్ల మొకం వెట్టినంక నా ఊపిరి నాకు ఇనవడ్డది. బుస్సు బుస్సు అని. అంతే, ఇంకేం లేదు. సాంచెల సప్పుడు ఎటువోయిందో. ఎన్నేండ్లయిందో బిడ్డా నా ఊపిరి నేనిని. మొకం బయటికి తీస్తే మళ్ళ షురూ అయితదని భయమైంది. గందుకే తియ్యలే."

పడవాయన ఇంజను స్టార్ట్ చేయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, కాసేపు తెడ్డుతోనే నడిపాడు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. అమ్మ వద్దంటుందని అనుకున్నాను. అనలేదు. పడవాయన్ని పక్కకు పిలిచి, "తాడు ఆయన నడుముకు గట్టు తమ్ముడూ, రింగుకు గాదు" అంది. ఆయన నవ్వుతూనే నిజంగా కట్టాడు. ఆ తాడు రెండో కొస తన చేతికి చుట్టుకుంది అమ్మ, పడవలో కూర్చుని.

నేను కూడా దిగాను. ఈసారి బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. ముందు ఒడ్డు దగ్గరే, నడుము లోతులో, ముఖం పెట్టి ఎత్తడం, పెట్టి ఎత్తడం. ఆయన నా ముందు నిలబడి ఊపిరి ఎలా తీయాలో నోరు తెరిచి చూపించాడు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి. చాలా సేపటికి నా భయం పూర్తిగా పోలేదు గానీ నాకంటే చిన్నదయింది. అప్పుడు దిబ్బల మీదికి తీసుకుపోయాడు.

వీడియోల్లో చూసినట్టు లేదు. వీడియోల్లో చేపలు మనకోసం వచ్చి పోతాయి. ఇక్కడ వాటి పని వాటిది. చిలకపచ్చ చేప ఒకటి పగడాన్ని కొరుకుతుంటే ఆ టకటక నాకు వినపడింది. పసుపు నలుపు చారల చేపలు జంటగా తిరుగుతున్నాయి. ఒక రాతి సందులోంచి పాములాంటి తల బయటికి వచ్చి నోరు తెరిచి మూసింది. నేను బాపు చెయ్యి గట్టిగా నొక్కాను. ఆయన బొటనవేలితో నా వేళ్ళ మీద నిమిరాడు. ఇసుకలో నల్లటి దోసకాయల్లాంటివి పడి ఉన్నాయి, అవీ ప్రాణులేనని తర్వాత పడవాయన చెప్పాడు. తాబేలు ఆ రోజు రాలేదు. గడ్డి మీద వెతికాం. దాని బదులు తెడ్డులాంటి ఒక చిన్న చేప, చదునుగా, తోక పొడుగ్గా, ఇసుక దులుపుకుని లేచి మా కింద నుంచి ఎగిరిపోయింది. ఎగిరిపోయింది అనే రాస్తున్నాను, అది ఈదినట్టు లేదు.

పైకి వచ్చాక ఆయన మాట్లాడాడు. అన్నం తింటూ మాట్లాడాడు. గదికి నడుస్తూ మాట్లాడాడు. ఏ చేప ఏ చీరలా ఉందో, ఏ సంవత్సరం ఏ సేఠ్ దగ్గర ఆ డిజైన్ నేశాడో చెప్పాడు. మా అమ్మకు అన్ని మాటలు తట్టుకునే అలవాటు పోయినట్టుంది. "ఇగ సాలు, జర తిననియ్యి" అంది. అని, ఆయన ఆపేస్తాడేమోనని వెంటనే, "ఆ ఎర్రంచుది ఏ ఏడు?" అని అడిగింది.

సూరత్‌కు వచ్చిన వారంలోనే ఆయన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఈసారి వినపడే సంగతి కాదు, లోపలి మోత సంగతి. నాకు భయంగానే ఉంది. తల్లో గడ్డలాంటిది ఏదైనా ఉందేమోనని తిరుగు ప్రయాణమంతా ఫోన్లో చదివి చదివి నిద్ర పాడుచేసుకున్నాను. డాక్టరమ్మ గుజరాతీ. పరీక్షలన్నీ చేయించింది, ఫిల్ములు లైటు ముందు పెట్టి చూసింది. ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగింది. నేను బాపు వైపు తిరిగి అదే మాట పెదవులతో చెప్పాను.

"ఈ పిల్ల మూడో తరగతిల ఉన్నప్పటి సంది" అన్నాడు.

అమ్మ కుర్చీలో నిటారుగా అయింది. "ఇన్నేండ్లా? మరి ఎందుకు చెప్పలే?"

"చెప్తే బందయితదా?" అన్నాడు ఆయన, చాలా మామూలుగా.

డాక్టరమ్మ ఫిల్ములు కవరులో పెట్టేసింది. తల్లో ఏమీ లేదని చెప్పింది. లూమ్‌లలో పనిచేసిన ఎంతోమందికి ఇలాగే ఉంటుందనీ, ప్రాణానికి ఏ ప్రమాదమూ లేదనీ అంది. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనని చెప్పింది. కానీ తగ్గించవచ్చు. పక్కన సన్నగా నీళ్ళ చప్పుడులాంటిది ఉంటే మోత వెనక్కి పోతుంది, దానికి తగ్గట్టు మిషన్‌లో మార్పు చేయిస్తాను అంది. ముఖాముఖి కూర్చుని నిదానంగా మాట్లాడమని మాకు చెప్పింది.

"ఏమన్నది?" అని బాపు నన్ను అడిగాడు.

"భయపడేదేం లేదట" అన్నాను. అనగానే నాకే ఊపిరి పూర్తిగా వచ్చింది. ఎన్ని రోజులుగా సగం సగం తీస్తున్నానో అప్పుడు తెలిసింది.

బయటికి వచ్చి బస్సెక్కాం. ఇద్దరి సీటులో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. అమ్మ మధ్యలో. ఆవిడ బాపు వైపు పూర్తిగా తిరిగి, పెదవులు బాగా కనిపించేలా, ఒక్కో మాట విడదీసి అడిగింది.

"పొద్దున పప్పుల ఉప్పు ఎక్కువైందా?"

బాపు ఆ రుచి గుర్తుచేసుకుంటున్నట్టు నాలుక చప్పరించాడు.

"జర ఎక్కువనే అయింది" అన్నాడు.

"మరి గప్పుడే చెప్పద్దా?"

"రేపు చెప్తా" అన్నాడు. అమ్మ నవ్వింది. ఆయన ఆలస్యం కాకుండా, ఆవిడతో పాటే నవ్వాడు.